బెల్లం పెనానికి ఉష్ణోగ్రత కడ్డీ: స్టీలు తొడుగు తయారీ, అమరిక, సరిచూసుకునే విధానం

అనకాపల్లి, చిత్తూరు, జహీరాబాద్ వంటి చెరకు ప్రాంతాల్లో సొంతంగా బెల్లం వండుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. పెనం ఎప్పుడు దించాలన్నది వంటమనిషి చూపు మీద, చేతి వేళ్ల మీద ఆధారపడి ఉంటుంది. అనుభవం ఉన్న మనిషి దొరికినంత కాలం ఇబ్బంది లేదు. ఆయన రాని రోజున, లేదా పొగలో, చీకట్లో వండేటప్పుడు పాకం రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. ముందుగా దించితే దిమ్మ గట్టిపడదు, వానాకాలంలో నీరు కారుతుంది. ఆలస్యమైతే రంగు నల్లబడి, మాడు రుచి వస్తుంది. టన్ను చెరకుకు సుమారు 100 కిలోల బెల్లం వస్తుంది కాబట్టి, ఒక పెనం చెడితే ఆ రోజు కూలి, చెరకు, వంటచెరకు అన్నీ నష్టమే. నల్లబడిన రంగును కప్పిపుచ్చడానికి హైడ్రోస్ వాడే అలవాటుకు కూడా చాలాచోట్ల ఇదే మొదలు.

ఉష్ణోగ్రత కొలిచే సెన్సారును స్టీలు గొట్టంలో అమర్చుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఈ తొడుగును దగ్గరలోని వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.

ఏ పాకానికి ఎంత వేడి?

• పానకం (ద్రవ బెల్లం): 103 నుంచి 106 డిగ్రీల సెల్సియస్
• దిమ్మ బెల్లం: 116 నుంచి 118 డిగ్రీలు
• పొడి బెల్లం: 120 నుంచి 122 డిగ్రీలు

రసంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. ఈ పెరుగుదల మొదట్లో చాలా నెమ్మదిగా ఉంటుంది. రసం చిక్కబడ్డాక చివరి 10 డిగ్రీలు త్వరగా ఎక్కుతాయి. అందుకే ఆలస్యంగా చూపించే థర్మామీటరు బెల్లం వంటకు పనికిరాదు. తొడుగు తయారీలో ముఖ్యంగా గమనించాల్సింది ఇదే.

ఏ సెన్సారు తీసుకోవాలి?

పీటీ 100 రకం సెన్సారు ఈ పనికి అనువైనది. దీని నిరోధం 0 డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు ఉంటుంది. బి తరగతి సెన్సారులో 120 డిగ్రీల దగ్గర తేడా ఒక డిగ్రీకి లోపే. మూడు తీగలున్నది అడిగి తీసుకోవాలి. రెండు తీగలున్న దానిలో వైరు పొడవు పెరిగేకొద్దీ వేడి ఎక్కువగా చూపిస్తుంది.

కె రకం థర్మోకపుల్ గట్టిదే కానీ, మామూలు రకంలో 2 డిగ్రీలకు పైగా తేడా రావచ్చు. డీఎస్18బీ20 సెన్సారు గరిష్ట పరిమితి 125 డిగ్రీలు. పొడి బెల్లం వేడి ఆ అంచుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి అది మంచిది కాదు. పాదరసం ఉన్న గాజు థర్మామీటరును పెనం దగ్గరకు తేవద్దు. పగిలితే పాకమంతా పారబోయాల్సిందే.

కావలసిన సామగ్రి

• 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం: బయటి వ్యాసం 10 మి.మీ., గోడ మందం 1 మి.మీ. పొడవు పెనం లోతుకు రెట్టింపు, దానికి మరో 30 సెం.మీ. కలపాలి
• కొస మూయడానికి అదే స్టీలు బిళ్ల, 1 నుంచి 1.5 మి.మీ. మందం
• 6 మి.మీ. వ్యాసం గల పీటీ 100 సెన్సారు, సిలికాన్ లేదా టెఫ్లాన్ తొడుగు ఉన్న వైరుతో
• 150 డిగ్రీలకు పైగా తట్టుకునే థర్మల్ పేస్టు
• వేడిని తట్టుకునే సిలికాన్ సీలెంట్
• పీటీ 100 కు పనిచేసే డిజిటల్ ఇండికేటరు
• అంచుకు బిగించడానికి స్టీలు క్లాంపు

మామూలు పీవీసీ వైరు పొయ్యి సెగకు మెత్తబడి అతుక్కుపోతుంది, దాన్ని వాడవద్దు.

గొట్టం విషయంలో జాగ్రత్త

చెరకు రసానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. జీఐ పైపు వాడితే పూతలోని జింకు పాకంలోకి దిగుతుంది. ఇత్తడి ఫిట్టింగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మామూలు టంకం వేసి కొస మూయడం కూడా ఇదే కారణంగా ప్రమాదం. రసానికి తగిలే భాగం మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి.

అయస్కాంతం అంటకపోతే 304 రకమే అనుకోవద్దు. తక్కువ రకమైన 202 స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. గొట్టం మీద ముద్ర, బిల్లులో రకం చూసి తీసుకోవాలి.

తయారీ విధానం

1. గొట్టాన్ని కొలతకు కోయించి, లోపలి ముక్కలు, గరుకు అంచులు ఆకురాయితో శుభ్రం చేయాలి.

2. ఒక కొసకు బిళ్ల పెట్టి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. 304 స్టీలుకు 308ఎల్ ఫిల్లర్ రాడ్ సరిపోతుంది. అతుకు చుట్టూ గుంటలు లేకుండా నున్నగా సానపట్టించాలి. గుంటల్లో చేరిన పాకం మాడి, తర్వాతి వంటలో నల్ల నలుసులుగా కనిపిస్తుంది.

3. మూసిన కొసను నీళ్ల బకెట్టులో ముంచి, రెండో కొస నుంచి సైకిలు పంపుతో గాలి కొట్టాలి. బుడగలు వస్తే మళ్లీ వెల్డింగ్ చేయించాలి.

4. గొట్టాన్ని ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. లోపల నీటి చుక్క మిగిలినా పెనంలో అది ఆవిరై పైనున్న సీలును తోసేస్తుంది, రీడింగు కూడా తప్పుతుంది.

5. సన్నని చువ్వ కొసకు పేస్టు రాసి, గొట్టం అడుగున 6 నుంచి 7 సెం.మీ. మేర నింపాలి. సెన్సారుకు కూడా పేస్టు రాసి నెమ్మదిగా దించాలి. అడుగు తగిలిందో లేదో తెలియడానికి గొట్టం పొడవును ముందే వైరు మీద గుర్తు పెట్టుకోవాలి.

6. పైకొసను సిలికాన్‌తో మూసి ఒక రోజు ఆరనివ్వాలి.

గొట్టాన్ని వంచి ఎల్ ఆకారంలో చేయవద్దు. సెన్సారు కొస గట్టి కడ్డీలా ఉంటుంది, వంపు దాటి అడుగుకు చేరదు. తిన్నని గొట్టాన్నే ఏటవాలుగా అమర్చుకోవాలి.

పేస్టు ఎందుకు తప్పనిసరి?

సెన్సారుకు, గొట్టానికి మధ్య మిగిలే ఖాళీలో గాలి ఉంటే వేడి ఆలస్యంగా చేరుతుంది. పెనంలో 118 ఉన్నప్పుడు ఇండికేటరు ఇంకా 115 చూపిస్తే ఆ కడ్డీ వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. పేస్టు ఆ ఖాళీని నింపుతుంది.

పరీక్షించడం సులభం. కడ్డీని గది వేడి నుంచి తీసి మరిగే నీటిలో కనీసం 10 సెం.మీ. ముంచండి. ఒకటిన్నర నిమిషంలో 95 డిగ్రీలు దాటాలి. దాటకపోతే పేస్టు చాలలేదు, లేదా సెన్సారు అడుగుకు చేరలేదు.

సరిచూసుకోవడం

• ముందుగా ఇండికేటరులో సెన్సారు రకం పీటీ 100 అని పెట్టారో లేదో చూడండి. వేరే రకం ఉంటే అంకెలన్నీ తప్పే.
• ఐసును మెత్తగా దంచి, సందులు నిండేంత నీరు పోసి, కడ్డీని 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. 0 చూపాలి.
• మరిగే నీటిలో ఉంచి చూడండి. సముద్ర మట్టానికి దగ్గరున్న అనకాపల్లి ప్రాంతంలో 100 చూపాలి. ఎత్తు పెరిగేకొద్దీ, సుమారు ప్రతి 300 మీటర్లకు 1 డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది. సుమారు 600 మీటర్ల ఎత్తున్న జహీరాబాద్ ప్రాంతంలో 98 చూపితే అది సరైనదే.

ఎత్తు ప్రాంతాల్లో పాకం దించే వేడి కూడా అంతే తగ్గుతుంది. కాబట్టి మీ ఊళ్లో నీరు మరిగే వేడికి 16 నుంచి 18 డిగ్రీలు కలిపితే దిమ్మ బెల్లం పాకం అని లెక్క పెట్టుకోండి. జహీరాబాద్‌లో 118 దాకా ఆగితే పాకం ముదిరిపోతుంది.

రెండు పరీక్షల్లోనూ ఒకే తేడా కనిపిస్తే ఇండికేటరులోని ఆఫ్‌సెట్‌తో సరిచేయవచ్చు. ఒకచోట సరిగా, మరోచోట తప్పుగా చూపిస్తే సెన్సారును, తీగల కలయికను తనిఖీ చేయించాలి. ప్రతి సీజను మొదట్లో ఒకసారి, తర్వాత నెలకొకసారి ఈ పరీక్ష చేయాలి.

పెనంలో ఎలా అమర్చాలి?

కడ్డీ కొస పాకంలో గొట్టం వ్యాసానికి కనీసం 10 రెట్లు, అంటే 10 సెం.మీ. మునిగి ఉండాలి. తక్కువ మునిగితే పైభాగం చల్లదనం వల్ల రీడింగు తగ్గుతుంది. వంట చివరికి పాకం లోతు బాగా తగ్గిపోతుంది కాబట్టి నిలువుగా పెడితే ఇది కుదరదు. పెనం అంచు నుంచి సుమారు 30 డిగ్రీల వాలులో పెడితే, 5 సెం.మీ. లోతులోనే 10 సెం.మీ. గొట్టం మునుగుతుంది.

కొస పెనం అడుగుకు తగలకూడదు. అడుగు రేకు మంట వల్ల పాకం కన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. 2 సెం.మీ. ఎడం ఉంచాలి. కలిపే తెడ్డుకు అడ్డం రాకుండా ఒక పక్కన క్లాంపుతో బిగించాలి. వైరు పొయ్యి నోటి వైపు కాకుండా ఎదురు వైపు నుంచి పోవాలి. ఇండికేటరును ఆవిరి తగలని గోడకు బిగించి, వీలైతే 12 వోల్టుల అడాప్టరుతో నడపండి. తడి చేతులతో 230 వోల్టుల పెట్టె ముట్టుకోవద్దు.

వాడకంలో సూచనలు

• 110 దాటాక మంట తగ్గించి, అంకె మీదనే దృష్టి పెట్టాలి.
• మంట ఆపినా పెనం రేకులోని వేడి పాకాన్ని ఇంకా ఉడికిస్తుంది. అనుకున్న వేడికి ఒక డిగ్రీ ముందే దించడానికి సిద్ధపడాలి.
• అంకె ఒక్కటే చూసి దించవద్దు. చల్లటి నీటిలో పాకం వేసి ఉండ కడుతుందో లేదో కూడా చూడాలి. ముదరని చెరకు, పడిపోయిన చెరకు, నరికి నిల్వ ఉంచిన చెరకు రసంలో గ్లూకోజ్ వంటి చక్కెరలు ఎక్కువ. అలాంటి రసం 118 కి చేరినా దిమ్మ సరిగా కట్టదు.
• ప్రతి పెనానికీ దించిన వేడి, బెల్లం రంగు, గట్టిదనం పుస్తకంలో రాసుకోండి. పది పెనాలకు మీ చెరకుకు, మీ పొయ్యికి సరిపోయే అంకె మీకే తెలుస్తుంది.
• వంట అయిన వెంటనే కడ్డీని వేడినీటితో కడగాలి. పైకొసను, వైరును నీటిలో ముంచవద్దు.

ప్రమాద హెచ్చరిక: 118 డిగ్రీల పాకం చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తుంది. క్లాంపు బిగించడం, కడ్డీ సర్దడం రసం వేడెక్కకముందే పూర్తి చేయాలి. కాలితే 20 నిమిషాల పాటు మామూలు చల్లని నీటి ధార కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు, పేస్టు, నూనె రాయకూడదు.