రైతు వేషం వేసిన దర్శకుడు

వి. శాంతారాం పేరెత్తగానే మనవాళ్లకు రంగులూ నృత్యాలూ గుర్తొస్తాయి. 1955 నాటి ‘ఝనక్ ఝనక్ పాయల్ బాజే’ వేసిన ముద్ర అది. కాని ఆయన కళాజీవితాన్ని 1925 నుంచి చదవాలి. ఆ ఏడు కొల్హాపూర్‌లో బాబూరావు పెయింటర్ తీసిన ‘సావ్‌కారీ పాశ్’ అనే మూకీ చిత్రంలో ఆయన యువరైతు వేషం వేశాడు. షావుకారు దొంగ పత్రాలతో భూమి కాజేస్తే, ఆ రైతు పట్నం చేరి మిల్లుకూలీ అవుతాడు. పురాణాలు రాజ్యమేలుతున్న తెరపైకి అప్పుపత్రం ఎక్కడం సామాన్య విషయం కాదు.

1901లో పుట్టిన శాంతారాంకు పెయింటర్ కంపెనీయే బడి. అక్కడ పనులన్నీ నేర్చుకుని 1927లో ‘నేతాజీ పాల్కర్’తో దర్శకుడయ్యాడు. 1929లో సహచరులతో కలిసి ప్రభాత్ సంస్థను స్థాపించాడు.

ఆయన ఉత్తమ సృష్టి ప్రభాత్ కాలానిదే. 1937లో మరాఠీలో ‘కుంకూ’గా, హిందీలో ‘దునియా న మానే’గా వచ్చిన చిత్రాన్నే చూడండి. ముసలి వకీలుకు మోసంతో కట్టబెట్టిన అమ్మాయి కథ అది. గురజాడ ‘కన్యాశుల్కం’లో సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి మాయోపాయం పన్నవలసి వచ్చింది. ఇక్కడ శాంతా ఆప్టే పోషించిన నాయిక ఎవరి ఉపాయం కోసమూ ఎదురుచూడదు. ఆ కాపురం తనకు సమ్మతం కాదని తానే తేల్చి చెబుతుంది. నేపథ్య సంగీతం వాడకుండా ఇంటి చప్పుళ్లతోనే ఆ ఉక్కిరిబిక్కిరిని వినిపించడం దర్శకుడి సాహసం. మన గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన రోజులూ అవే. సంఘం తన కష్టాలను తెరపై చూసుకోవడానికి సిద్ధపడిన దశ అది.

1941 నాటి ‘పడోసీ’ మరో అడుగు ముందుకు వేసింది. ఆనకట్ట కట్టదలచిన ధనికుడి స్వార్థం హిందూ ముస్లిం మిత్రులైన ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య చిచ్చు పెడుతుంది. మతవైరానికి మూలం ఆర్థిక ప్రయోజనంలో ఉందని ఇంత సూటిగా చెప్పిన చిత్రాలు అరుదు.

అయితే 1957లో వచ్చిన ‘దో ఆంఖేఁ బారహ్ హాథ్’లో ఆరుగురు ఖైదీలను మార్చేది ఒక మంచి జైలు అధికారి ప్రేమ. ఆ పాత్ర శాంతారాందే. బెర్లిన్‌లో గౌరవం పొందిన ఆ చిత్రం మానవత్వాన్ని ఎవరూ కాదనరు. కాని వ్యవస్థను నిలదీసిన చూపు ఇక్కడ వ్యక్తి హృదయ పరివర్తన దగ్గర ఆగిపోయింది. ‘సావ్‌కారీ పాశ్’ రైతును ఏ మంచి షావుకారూ కాపాడలేదు. ఆ చిత్రం బలం అదే.

1985లో ఫాల్కే పురస్కారం అందుకుని, 1990లో శాంతారాం కన్నుమూశాడు. ఆయనను రంగుల మాంత్రికుడిగా మాత్రమే స్మరిస్తే, భూమి పోగొట్టుకున్న ఆ రైతును రెండోసారి వెళ్లగొట్టినట్టే.