చెరువు, బావి, చట్టం: హిందూపురం సీమలో నీటి ప్రమాదాల చరిత్ర

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఏటా కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పెన్న, చిత్రావతి, జయమంగళి నదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేటలే. జనం నిత్యం దిగే నీరు చెరువుదీ బావిదీ. రెండూ మనిషి కట్టినవి, తవ్వినవి. అందుకే వాటిలో ప్రాణం పోతే బాధ్యులెవరన్న ప్రశ్న ఇక్కడ చాలా పాతది.

విజయనగర కాలంలో చెరువు కట్టించడం రాజధర్మం. 14వ శతాబ్ది చివర్లో పెనుకొండను ఏలిన ప్రతాప బుక్కరాయలు సింగయభట్టు అనే జలసూత్ర నిపుణుడి చేత పెన్న నీటిని కాలువ ద్వారా సిరువేర చెరువుకు మళ్లించి పెనుకొండకు తెప్పించాడు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ లెక్కపెట్టింది. కట్ట ఊట కారడం ఆ దోషాల్లో ఒకటి. ఊట ముదిరితే గండి పడుతుంది, గండి పడితే దిగువ ఊరు మునుగుతుంది. బుక్కరాయసముద్రం చెరువుకు పడిన గండిని ఆపడానికి ఆత్మార్పణ చేసుకుందని చెప్పే ముసలమ్మ కథ ఈ భయంలోంచి పుట్టిందే. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే కావ్యంగా రాశారు.

కట్ట కాపాడే పనికి జీతం భూమి రూపంలో ఉండేది. దశబంధం ఇనాము పొందినవారు చెరువును మరమ్మతులో ఉంచాలి. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వెళ్లాక ఆ కట్టుబాటు క్రమంగా సడలింది. కట్టకు ముప్పు వస్తే ఊరివాళ్లంతా పనికి రావాలని, రానివారికి జరిమానా వేయాలని 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టమే వచ్చింది.

నష్టపరిహారం మాట గట్టిగా వినిపించింది చిత్తూరు సీమలో. కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి రైలుకట్టను కొట్టుకుపోగా మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. సొంత అవసరానికి నీరు నిలవేసినవాడు, ఆ నీరు తప్పించుకుపోయి చేసిన నష్టాన్ని భరించాల్సిందేనని ఇంగ్లండులో 1868లో తీర్పు వచ్చి ఉంది. ప్రీవీ కౌన్సిల్ 1874లో ఆ సూత్రాన్ని ఇక్కడికి వర్తింపజేయలేదు. ఈ దేశంలో చెరువు లేనిదే బతుకు లేదు, దాన్ని నిలబెట్టడం జమీందారు విధి. నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత అని తేల్చింది.

కాలక్రమంలో ప్రమాదం కట్ట దగ్గర్నుంచి గుంతలోకి మారింది. కపిల (మోట) తోలిన రోజుల్లో బావి దగ్గర ఎప్పుడూ మనిషి ఉండేవాడు. పిల్లలు నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని, పెద్దల కళ్లముందే ఈత నేర్చుకునేవారు. బోర్లు వచ్చాక బావులు పాడుబడ్డాయి. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిమెట్లకు పాచి పట్టింది, ఒడ్డున చెట్లు మొలిచి నోరు కనిపించకుండా పోయింది. చెరువులో మట్టి తోడిన గుంతలు మరీ మోసం. వానకు నీరు నిండితే పైకంతా ఒకటే మట్టం. మోకాటి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగుతో నిలువులోతులో పడతాడు. చెయ్యి అందించబోయిన రెండోవాడూ జారతాడు. హంద్రీ-నీవా కాలువల సిమెంటు వాలు కూడా అంతే: పడినవాడికి పట్టు దొరకదు.

నివారణకు మార్గాలు తెలిసినవే. నోరు తెరిచిన బావికి కంచె లేదా గోడ, పిల్లలపై పెద్దల నిఘా, ఈత శిక్షణ. ఈత రానివారు నీళ్లలో దూకకుండా తాడో, చీరో, కర్రో అందించాలి. బయటికి తీసినవారికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం తప్పు. వెంటనే నోటితో శ్వాస ఇస్తూ ఛాతీ నొక్కాలి, 108కి ఫోన్ చేయించాలి.

నీటమునిగి ఎవరైనా చనిపోతే పోలీసులు శవపంచనామా జరపాలి. ఒకరి నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని రుజువైతే, గతంలో ఐపీసీ 304-ఎ కింద రెండేళ్ల వరకు శిక్ష. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల వరకు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు పరిహారం కోరడానికి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఇప్పటికీ ఆధారం. 2014లో లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికి బియాస్ నదిలో హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని హిమాచల్ హైకోర్టు ఆదేశించింది.

ప్రాణం పోకముందే పనికొచ్చే నిబంధన వేరే ఉంది. దారి పక్కన, జనం తిరిగే చోట ఉన్న చెరువుకు, బావికి, గుంతకు కంచె వేయించే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌లోనే ఉంది. నేడు అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్. పోలీసు నివేదికే కానక్కర్లేదు, ఏ సమాచారం మీదైనా మేజిస్ట్రేటు హోదాలో ఆర్డీఓ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పెనుకొండలోనూ ధర్మవరంలోనూ ఆ కార్యాలయాలున్నాయి. కంచె లేని గుంత కనబడితే ఊరివాళ్లు అర్జీ పెట్టుకోవడానికి ప్రమాదం జరిగేదాకా ఆగనక్కర్లేదు.