మార్కులు ఊరందరికీ, పేపరు ఎవరికీ కాదు

2025 నవంబరు 14న డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు వచ్చాయి. చట్టం 2023 ఆగస్టులోనే అయిపోయింది, నిబంధనలు రాయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పట్నుంచీ మా ఆఫీసులో మీటింగుల మీద మీటింగులు. ఏ టేబుల్లో ఎవరి ఫోన్ నంబరుంది, పాత బ్యాకప్పులు ఏం చెయ్యాలి, కన్సెంట్ ఎక్కడ అడగాలి.. మీలో చాలామందికి ఈ బాగోతం తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఆ మీటింగుల్లో కూర్చున్నప్పుడల్లా కంపెనీల కన్నా కాలేజీలే గుర్తొస్తాయి. మన తరం వివరాలు మొట్టమొదట వీధిన పడింది ఏ యాప్ వల్లో కాదండీ, హాల్ టికెట్ నంబరు వల్ల.

మాది రావులపాలెం. ఫలితాలొచ్చే రోజుల్లో మా హైవే సెంటర్లో కాలేజీల ఫ్లెక్సీలు వరసగా లేస్తాయి. పాస్‌పోర్ట్ సైజు ఫొటో, పేరు, హాల్ టికెట్ నంబరు, మార్కులు. రాజమండ్రి బస్సు, అమలాపురం బస్సు, అరటి గెలల లారీ అన్నీ ఆ పిల్లల మొహాల ముందు నుంచే పోతాయి. వాళ్ళలో చాలామందికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండవు. ఎవరికీ తప్పనిపించదు. పైగా ఫొటో పడితే ఇంట్లో సంబరం. ఈ అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్ళి చూస్తే కాస్త ఆసక్తిగానే ఉంది.

మద్రాసు యూనివర్సిటీ 1857లో పెట్టారు. మన ఆంధ్ర యూనివర్సిటీ 1926లో వచ్చేదాకా గోదావరి జిల్లాల వాళ్ళకి కూడా అదే దిక్కు. ఆ యూనివర్సిటీ కేలండర్లలో పట్టభద్రుల పేర్లు జాబితాలుగా అచ్చేసేవారు. అప్పట్లో దానికో అర్థం ఉంది. డిగ్రీ ఉన్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది, దొంగ సర్టిఫికెట్ పట్టుకోవాలంటే అచ్చులో ఉన్న పేరే సాక్ష్యం. అంటే ఆ బహిరంగం చదువుకున్నవాడికి రక్షణ. ఎస్సెస్సీ సర్టిఫికెట్ మీద పుట్టుమచ్చలు రాయడం కూడా అలాంటిదే. ఈ కాగితం ఈ మనిషిదే అని చెప్పడానికి ఒంటి మీది గుర్తే ఆధారం. కుడి మోచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి. హెడ్మాస్టరు గారు చూసి రాసిన ఆ మచ్చలు ఆ తర్వాత జిరాక్సు షాపుల్లో, బ్యాంకుల్లో, కన్సల్టెన్సీల్లో ఎన్ని బీరువాల్లో పడి ఉంటాయో లెక్కలేదు. అవసరం తీరిపోయినా అలవాటు మిగిలిపోయింది.

పేపర్లలో ఫలితాలు వేసే రోజుల్లో నంబర్లు మాత్రమే ఉండేవి. ఫస్ట్ క్లాసు వాళ్ళవి ఒకచోట, సెకండ్ క్లాసు వాళ్ళవి ఒకచోట. నంబరు తెలిసినవాడికే ఫలితం తెలిసేది, మార్కులు తెలిసేవి కావు. ఇంజనీరు బుర్రతో చూస్తే అది మంచి డిజైనే! ఇంటర్నెట్ వచ్చాక దాన్ని మనమే పాడుచేశాం. నంబరు కొడితే పేరు, సబ్జెక్టుల వారీగా మార్కులు అన్నీ తెర మీదకి. యూజర్‌నేమూ అదే, పాస్‌వర్డూ అదే, పైగా అవి వరస నంబర్లు. ఒక ఫర్ లూప్ రాస్తే రాష్ట్రం మొత్తం వచ్చేస్తుంది. 2013లో కార్నెల్‌లో చదువుతున్న ఒక కోల్‌కతా కుర్రాడు ఐసీఎస్‌ఈ, ఐఎస్‌సీ ఫలితాల మీద ఇదే పని చేసి చూపించాడు. ఆ లెక్కలు చూస్తే కొన్ని మార్కులు అసలు ఎవరికీ రానేలేదని కూడా తేలి పెద్ద చర్చ జరిగింది.

మా ఇంటర్ ఫలితాల రోజు నా మార్కులు నాకంటే ముందు మా పక్కింటాయనకి తెలిసిపోయాయి. ఆ వారంలోనే, మేం ఎప్పుడూ అప్లికేషన్ పెట్టని ఒక కాలేజీ నుంచి నాన్నకి ఫోను. మా నంబరు మీకెలా వచ్చిందండీ అని నాన్న అడిగితే, అవతలాయన ఏమాత్రం తడుముకోకుండా "డేటా ఉందండీ, ఆయ్" అన్నాడట. :)

2022లో పదో తరగతి ఫలితాలప్పుడు మన ప్రభుత్వం ర్యాంకుల ప్రకటనలు వేస్తే జైలు శిక్ష ఉంటుందని హెచ్చరించింది. అయితే అది పిల్లల మీద ఒత్తిడి గురించి. ఆ పేరూ, మార్కులూ ఆ పిల్లవాడి సొంతం, అతన్ని అడక్కుండా వాడకూడదు అన్న మాట అప్పుడు కూడా ఎవరూ అనలేదు.

ఇక రెండో వైపు చూద్దాం. మార్కులు ఇంత బహిరంగం అయిన చోట, ఆ మార్కులు ఎలా వచ్చాయో చెప్పే జవాబు పత్రం మాత్రం పరమ రహస్యం. రీకౌంటింగ్‌కి డబ్బు కట్టు, ఫలితం చెబుతాం, పేపరు చూపించం. ఇది మారింది 2011 ఆగస్టు 9న. సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో, సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి దిద్దిన తన పేపరు చూసుకోవచ్చని సుప్రీం కోర్టు తేల్చింది. దిద్దినవాళ్ళ పేర్లు మాత్రం చెప్పక్కర్లేదంది. యూరప్ కోర్టు ఇలాంటి సంగతే 2017లో చెప్పింది, వేరే దారిలో. ఐర్లండ్‌లో నోవాక్ అనే అకౌంటెన్సీ అభ్యర్థి తన పేపరు అడిగితే, జవాబులూ, వాటి మీద పరీక్షకుడు రాసినవీ అభ్యర్థి వ్యక్తిగత డేటానే అంది.

మీలో ఎం.ఎస్.కి అప్లై చేసినవాళ్ళు రికమెండేషన్ లెటర్ల దగ్గర "ఈ లెటరు చూసే హక్కు వదులుకుంటున్నాను" అని ఒక టిక్కు పెట్టే ఉంటారు. సీనియర్లు పెట్టమంటారు, పెట్టేస్తాం. ఆ హక్కు 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పాది. న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ తెచ్చాడు, ఫోర్డ్ సంతకం పెట్టాడు. పిల్లల మీద బడులు రాసుకున్న ఫైళ్ళు బయటివాళ్ళకి దొరుకుతున్నాయి, తల్లిదండ్రులకి మాత్రం చూపించట్లేదు అన్నది అప్పటి గొడవ. అందుకే ఆ చట్టంలో మొదటి హక్కు చూసే హక్కు. బయటివాళ్ళకి ఇవ్వకూడదన్నది దాని వెనకాల వచ్చింది. పిల్లాడు కాలేజీలో చేరితే ఆ హక్కులు తల్లిదండ్రుల నుంచి అతనికి మారిపోతాయి. పన్ను లెక్కల్లో ఆధారపడిన పిల్లలకి మినహాయింపు ఉందనుకోండి.

చూసే హక్కు లేకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు చూపించాయి. గ్లోబరీనా అనే ప్రైవేటు సంస్థకి ఫలితాల ప్రాసెసింగ్ అప్పగించారు. రాసినవాళ్ళు గైర్హాజరయ్యారు, 99 వచ్చిన పేపరుకి సున్నా పడింది. ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ తప్పులు జరిగాయని ఒప్పుకుంది, ఫెయిలైన వాళ్ళ పేపర్లన్నీ ఉచితంగా మళ్ళీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా ప్యాసయ్యారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి మనం ఆఫీసుల్లో చెప్పుకునే కబుర్లన్నీ నాకు ఆ వారం చేదుగా అనిపించాయి.

మరి కొత్త చట్టం ఏం చేస్తుంది? మొదటి వైపు బాగానే చేస్తుంది. పద్దెనిమిది నిండని వాళ్ళందరూ పిల్లలే. అంటే ఇంటర్ కాలేజీలకి దాదాపు ప్రతి అడ్మిషనుకీ తల్లిదండ్రుల సమ్మతి, అది కూడా సరిచూసుకోగలిగినది, కావాలి. హాజరు, భద్రత లాంటి వాటికి విద్యాసంస్థలకి కొంత వెసులుబాటు ఇచ్చారు. సీటు కోసం తీసుకున్న ఫోన్ నంబరు పక్క కాలేజీకి అమ్మడం మాత్రం ఆ వెసులుబాటులోకి రాదు. పిల్లల డేటా విషయంలో జరిమానా 200 కోట్ల దాకా ఉంది. ఈ బాధ్యతలు 2027 మే నుంచి అమలు.

చిక్కు రెండో వైపే. నా డేటా నాకు చూపించు, తప్పుంటే దిద్దు అనే హక్కులు ఈ చట్టంలో సమ్మతి ఇచ్చి డేటా అప్పగించిన చోటే వర్తిస్తాయి. ప్రభుత్వం సర్టిఫికెట్టో, స్కాలర్‌షిప్పో ఇవ్వడానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చు. కాబట్టి ఈ హక్కులు మాకు వర్తించవని ఒక బోర్డు వాదించడానికి సందు ఉంది. ఇలాంటి తప్పు మళ్ళీ జరిగితే పిల్లవాడికి గట్టి ఆధారం ఇప్పటికీ 2005 నాటి సమాచార హక్కు చట్టమే, కొత్తది కాదు.

అదే సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) క్లాజుని ఈ కొత్త చట్టం మార్చేసింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వక్కర్లేదు. 8(2)లో ప్రజా ప్రయోజనం మాట ఇంకా ఉంది, కానీ దాన్ని వాడాలో వద్దో తేల్చేది ఆఫీసే. తన పేపరు తను అడిగేవాడికి అడ్డు లేకపోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ జాబితాలో లేని విద్యార్థుల పేర్లు ఉన్నాయేమో, తనకంటే తక్కువ ర్యాంకు వాడికి సీటు ఎలా వచ్చిందో అడిగేవాడికి మాత్రం "అది ఇంకొకరి వ్యక్తిగత సమాచారం" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కాలేజీల బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఈ మార్పుకి ఏ గడువూ ఇవ్వలేదు, నిబంధనలు వచ్చిన రోజు నుంచే అమల్లో ఉంది.