ఎత్తు ఒకరిది, పద్దు ఒకరిది

బరంపురంలో మా ఇంటి అరుగు మీద తాతగారు నాకు చదరంగం నేర్పారు. ఆ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. బ్యాంకులో చేరాక ఉద్యోగుల పోటీలో ఎదుటివారు బంటును రెండు గళ్ళు నడిపితే నేను అభ్యంతరం చెప్పాను. అందరూ నవ్వారు. తాతగారిది తప్పుడు ఆట కాదనీ, మన దేశపు పాత పద్ధతేననీ చాలా ఏళ్ళకు, ఒక కలకత్తా ఆట గురించి చదివినప్పుడు గాని తెలియలేదు.

ఆ ఆట 1855 నాటిది. తెల్లపావులు జాన్ కాక్రేన్‌వి. ఆయన స్కాట్లండు వాడు, కలకత్తాలో బారిస్టరు. నల్లపావులు బెంగాలు పల్లెప్రాంతం నుంచి వచ్చిన మహేశ్చంద్ర బెనర్జీవి.

కాక్రేన్ మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నడిపాడు. తానూ అలాగే నడపడం నాటి యూరపు ఆనవాయితీ. బెనర్జీ మాత్రం ముందు గుర్రాన్ని తీశాడు. రెండో ఎత్తులో రాజు వైపు గుర్రపు బంటును ఒక్క గడి జరిపాడు. మూడో ఎత్తులో మంత్రి బంటుతో నడిబల్లను ఎదిరించాడు. నాలుగో ఎత్తులో, బంటు ఖాళీచేసిన గడిలో శకటును నిలిపాడు. ఎదుటివాణ్ణి నడిబల్ల మీద కోట కట్టుకోనిచ్చి, దాన్ని దూరం నుంచి కొట్టడమే ఇందులోని కిటుకు. ఒక్కో గడే నడిచే బంట్లతో పెరిగిన చేతికి ఈ నిదానం సహజమేననుకుంటాను.

ఆట కాక్రేనే గెలిచాడు. అయితే 1922లో వియన్నా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ ఇదే ప్రారంభాన్ని ఆడాడు. నేటికీ పుస్తకాలలో అది గ్రున్‌ఫెల్డ్ రక్షణే. 1848లో ఇదే బెనర్జీ మీద కాక్రేన్ గుర్రాన్ని ఇచ్చి రెండు బంట్లు తీసుకున్న మరో ప్రారంభం కాక్రేన్ గాంబిట్‌గా నిలిచింది. బెనర్జీకి మిగిలింది ‘ఇండియన్’ అనే ఇంటిపేరు ఒక్కటే.

లెక్కలు రాసి బతికినవాణ్ణి గనుక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఎత్తులు కాగితం మీదికెక్కి లండను పత్రికకు చేరబట్టే బెనర్జీ పేరైనా మనకు తెలిసింది. చిట్టాకెక్కని సొమ్ముకు వారసుడుండడు. మా తాతగారి ఆట ఒక్కటీ నేను రాసుకోలేదు. మీ ఇంట్లో ఒక్క గడి బంటుతో ఆడే పెద్దలెవరైనా ఉంటే, ఈ ఆదివారం ఎదురుగా కూర్చోండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.