షేక్ గారు పంచిన పుస్తకాలు

ఖతర్ అనగానే మనకు గ్యాసూ ఫుట్‌బాలూ గుర్తొస్తాయి, లేదంటే దోహా ఎయిర్‌పోర్టులో తరవాతి విమానం కోసం పడిగాపులు. పుస్తకం ఎవరికీ గుర్తురాదు. నిజానికి అక్కడ చమురు ఎగుమతి డబ్బు కళ్లజూసిన తొలి పాలకుడు షేక్ అలీ బిన్ అబ్దుల్లా అల్ థానీకి పుస్తకాల పిచ్చి. 1949లో ఆయన గద్దెనెక్కిన కొద్ది నెలలకే తొలి చమురు ఓడ రేవు దాటింది. వచ్చిన సొమ్ములో కొంత అచ్చుకూలీకి పోయింది.

తాను మెచ్చిన అరబ్బీ గ్రంథాలు, ముఖ్యంగా ధర్మశాస్త్రం, చరిత్ర, సాహిత్యం, పండితులతో పరిష్కరింపజేసి డమాస్కస్ వంటి చోట్ల అచ్చువేయించేవాడు. ఏవి వేయాలో చెప్పడానికి ఇబ్న్ మానిఅ వంటి పెద్ద పండితుడు పక్కనుండేవాడు. అచ్చు పనుల్లో డమాస్కస్ ప్రచురణకర్త జుహైర్ అల్ షావీష్ చేయి ఉండేది. ఆ ప్రతుల ముఖపత్రం చూడాలి. పైన గ్రంథం పేరు, రచయిత పేరు. కింద, ఫలానా షేక్ ఖర్చుతో అచ్చయిందన్న ముక్క. ఆ పక్కనే, ఇది అల్లా పేరిట వక్ఫ్ అన్న మాట. వక్ఫ్ చేశాక ఇక అమ్మకం లేదు, చదువుకునేవాళ్లకు అందుతూ ఉండాల్సిందే. మన దగ్గర ‘ఇప్పుడే చదివాను, నువ్వూ చూడు’ అని స్నేహితుడి చేతిలో పెట్టే పుస్తకానికి ఇంత గట్టి కాగితం ఎక్కడుంది?

ఇది ఆయనతో మొదలైన అలవాటు కాదు. 1913లో చనిపోయిన ఆయన తాత షేక్ జాసిం కూడా మతగ్రంథాలు సొంత ఖర్చుతో మన దేశంలో అచ్చువేయించి పంచాడు. ఖతర్ ముత్యాలు బొంబాయికి వెళ్లే రోజులవి. ఆ తరవాత కూడా, 1966 దాకా, ఖతర్‌లో చెల్లింది రూపాయే. అయితే ఈ షేక్‌ల పుస్తకదానాన్ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాళ్లలో ఆ పుస్తకం విప్పి చదవగలిగినవాళ్లు ఎందరు? పంపకం చదువుకున్నవాళ్ల మధ్యే సాగింది. మన బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు, మిత్రులు 1914లో గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగింది ఇక్కడి ఇలాంటి లోటు తీర్చడానికే.

దోహాలో అందరికీ తలుపులు తెరిచే దార్ అల్ కుతుబ్ 1962లో వచ్చింది. దాని వారసత్వమే నేటి ఖతర్ నేషనల్ లైబ్రరీ. ఆర్కిటెక్ట్ రెమ్ కూల్హాస్ గీసిన ఆ భవనం 2017 నవంబరులో పాఠకులకు తెరుచుకుంది. మధ్యలో నిలబడి చూస్తే అరలు మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. పాత రాతప్రతులు మాత్రం నేలకు ఆరు మీటర్ల లోతున, రాతి గోడల నడుమ ఉంటాయి. 2018 ఏప్రిల్‌లో ఖతర్ అమీర్ తన చేత్తో అరలో పెట్టిన పది లక్షలవ పుస్తకం సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథం రాతప్రతి.

బ్రిటిష్ లైబ్రరీతో కలిసి ఈ ఖతర్ లైబ్రరీ 2014లో తెరిచిన డిజిటల్ లైబ్రరీ మనకూ పనికొచ్చేదే. గల్ఫ్ వ్యవహారాల మీద బ్రిటిష్ ప్రభుత్వపు ఇండియా ఆఫీసు దాచిన ఉత్తరాలూ రిపోర్టులూ గుంటూరులో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

తెలుగు పుస్తకం సంగతి వేరు. 2024 నవంబరులో వంగూరి ఫౌండేషన్, అక్కడి ఆంధ్ర కళా వేదిక దోహాలో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు జరిపాయి. మిగతా రోజుల్లో తెలుగు నవల ఆవకాయ సీసా పక్కన సూట్‌కేసులోనే దిగుతుంది. సెలవుకి వెళ్లేటప్పుడు ఆ బరువు తిరిగి మోసే ఓపిక ఎవరికీ ఉండదు గనక, అది వక్ఫ్ ముద్ర లేకుండానే పక్క ఫ్లాటుకి చేరుతుంది.