చేబ్రోలు పేరు: తాంబ్రపే నుంచి తామ్రపురి దాకా

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనే ఉన్న కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనా మందిరం ఒకటి ఉంది. తాము ఎఫ్రాయీము గోత్రం వారమని నమ్మే బెనె ఎఫ్రాయిం కుటుంబాలవారిది అది. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందని ఆ సమాజం పెద్దలు కొందరు వాదించారు. వారి విశ్వాసం జోలికి ఈ వ్యాసం పోదు. రెండు మాటలు ఒకేలా వినపడినంత మాత్రాన ఊరిపేరుకు మూలం దొరికినట్టేనా అన్నదే ఇక్కడి ప్రశ్న.

హీబ్రూ ఊరిపేర్లు పరిశీలించేవారికి ఈ చిక్కు పాతదే. బెయేర్షెబాలో 'బెయేర్' అంటే బావి. 'షెబా'ను ఏడు అనీ ప్రమాణం అనీ రెండు రకాలుగా చెప్పవచ్చు. ఆదికాండము 21వ అధ్యాయంలో అబ్రాహాము ఏడు గొర్రెపిల్లలనిచ్చి చేసిన ప్రమాణం వల్ల ఆ పేరొచ్చింది. 26వ అధ్యాయానికి వస్తే, ఇస్సాకు పనివాళ్లు తవ్విన బావి వల్ల వచ్చింది. ఒక్క గ్రంథంలోనే ఒక్క పేరుకు రెండు కథలు! యెరూషలేము అనగానే జనానికి శాంతి గుర్తొస్తుంది. కాని క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా మట్టిపలకల్లో అది 'ఉరుసలిం'. షాలిం అనే దేవత పేరిట వెలసిందని చాలామంది పండితుల అభిప్రాయం.

కృష్ణా డెల్టాలో ఇలాంటివి కొల్లలు. కృష్ణమ్మ కొండకు బెజ్జం పెట్టి పారింది గనుక బెజవాడ అంటారు. ఘంటసాల అంటే గంటల శాల అంటారు. టాలెమీ భూగోళంలోని 'కొంటకొస్సుల'లో, నాగార్జునకొండ శాసనంలోని 'కంటకసెల'లో గంటా లేదు, శాలా లేదు. అసలు అర్థం మరుగున పడ్డాక చెవికి తోచిన అర్థం వచ్చి కూర్చుంది.

చేబ్రోలు సంగతి ఇంతకన్నా చిక్కైనది, అందుకే రుచైనది. 2019లో అక్కడి భీమేశ్వరాలయం దగ్గర బయటపడిన శాతవాహన విజయుని సంస్కృత శాసనంలో ఊరిపేరు 'తాంబ్రపే'. దాని కాలం క్రీ.శ. 207గా నిర్ణయించారు. పదో శతాబ్దపుదిగా ఎంచే యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో, కుమారస్వామి జాతరకు బయల్దేరి వచ్చింది చేబ్రోలు నుంచే. 1213 నాటి జాయపసేనాని శాసనంలో మళ్లీ 'తామ్రపురి'.

తెలుగు రూపాన్ని విడదీస్తే 'చెం', 'ప్రోలు'. చెం అంటే ఎరుపు. ప్రోలు అంటే పురం, భట్టిప్రోలులోనూ అదే. చెం పక్కన కలువ చెంగలువ అయినట్టే ఇక్కడ పకారం బకారమైంది; ఆపైన సున్న జారి అచ్చు దీర్ఘమైంది. ఇక తామ్రం అంటే రాగి, ఎర్రని లోహం; కాబట్టి ఎర్రని ఊరే రాగి ఊరు. అంటే ఒక పేరు రెండోదానికి అనువాదం. ఏది దేనికి?

శాసనాల వరుస చూస్తే తాంబ్రపే ముందున్నట్టు కనిపిస్తుంది. అయితే శాసనం తేదీ పేరును రాతిమీద చెక్కిన తేదీ. పేరు పుట్టిన తేదీ కాదు. ఆనాడు రాతిమీద రాజ్యం చేసినవి ప్రాకృత సంస్కృతాలు. పొలాల్లో, సంతల్లో జనం ఏమన్నారో చెక్కినవాడు రాయలేదు. తామ్రపురి మాత్రం నిస్సందేహంగా పండితుల సొమ్ము: చేబ్రోలు అన్న మాట తెలుగు శాసనానికి ఎక్కి చాలాకాలమయ్యాక సంస్కృతంలో చేసిన ముస్తాబు. తాంబ్రపే కూడా అలాంటిదేనని నా మొగ్గు. 'ప్రోలు' తెలుగు గడ్డమీద పుట్టిన మాట కావడమే అందుకు ఆధారం; దాన్ని తిరుగులేని రుజువుగా చూపడం లేదు.

ఒక తేడా గమనించాలి. హీబ్రూలో బేత్ (ఇల్లు), బెయేర్ వంటి జాతివాచకం పేరుకు ముందు నిలుస్తుంది. నాగాయలంకలో లంక, భట్టిప్రోలులో ప్రోలు చివర నిలుస్తాయి. ధ్వనిసామ్యం వెతికేవారు ముందుగా దాటాల్సిన గడప ఇదే.

ఇకపై ఊరిపేర్ల నిఘంటువు కూర్చేవారికి ఒక మనవి: చేబ్రోలు కింద 207, పదో శతాబ్దం, 1213 నాటి రూపాలను ఆ వరుసలోనే ఇవ్వండి. కథలు తర్వాత చెప్పండి, అవి కథలేనని రాసి మరీ.