లేడీబవర్‌లో లేని గోపురం

ఇంగ్లండ్‌లోని లేడీబవర్ రిజర్వాయర్ అడుగున చర్చి ఉందనీ, ఎండలు ముదిరితే దాని గోపురం బయటపడుతుందనీ, రాత్రిపూట గంట కూడా వినిపిస్తుందనీ షెఫీల్డ్‌లో చెప్పనివాళ్ళు తక్కువ. ఆ గోపురాన్ని 1947 డిసెంబరు 15న పేల్చి కూల్చేశారు. గంటేమో డెర్బీలోని చాడెస్‌డెన్‌లో, సెయింట్ ఫిలిప్స్ చర్చికి చేరింది. ఇక నీళ్ళలో మోగేదేముంది?

మా పెద్దనాయన ఇక్కడికి వచ్చినప్పుడు ఈ కథలేవీ అడగలేదు. ఆయనది కొల్లాపూర్ దిక్కు, శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. గట్టు మీద నిలబడి కాసేపు నీళ్ళు చూసి, "ఎన్ని ఊర్లు మునిగినయ్‌రా? ఇండ్లు ఏడ కట్టిచ్చిన్రు?" అన్నాడు. ముంపు ఊరి మనిషికి ముందు తట్టేవి అవే.

మునిగినవి రెండు, డెర్వెంట్, యాషాప్టన్. డెర్బీషైర్ కొండల్లో చిన్న పల్లెలు. డెర్వెంట్‌లో చర్చి, బడి, 1672 నాటి డెర్వెంట్ హాల్ అనే పెద్ద బంగళా ఉండేవి. యాషాప్టన్ షెఫీల్డ్ నుంచి గ్లాసప్ వెళ్ళే దారిలో ఉండేది. అక్కడ సత్రం, మెథడిస్టుల ప్రార్థన మందిరం. షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాల దాహం తీర్చడానికి 1899లో డెర్వెంట్ వ్యాలీ వాటర్ బోర్డు పుట్టింది. లోయ పైభాగాన హౌడెన్, డెర్వెంట్ అనే రెండు రాతి ఆనకట్టలు ముందు లేచాయి.

ఆ కట్టడానికి కూలీలు కావాలి గదా. వాళ్ళకోసం బర్చిన్‌లీ దగ్గర ఒక ఊరే కట్టారు. గోడలూ కప్పులూ ముడతల రేకులే కాబట్టి జనం దాన్ని రేకుల ఊరు అన్నారు. తొమ్మిది వందల మంది దాకా ఉండేవారట. బడి, ఆస్పత్రి, దుకాణాలు, స్నానాల గది, మందు తాగే క్యాంటీను, అన్నీ ఉండేవి. గ్రిండిల్‌ఫోర్డ్ దగ్గర బోల్ హిల్ క్వారీ నుంచి పది లక్షల టన్నులకు పైగా రాయి రైళ్ళలో వచ్చింది. పని అయ్యాక ఊరిని విప్పేశారు. ఒక రేకు షెడ్డు మాత్రం హోప్ అనే ఊరికి చేరి, బ్యూటీ పార్లరయింది!

ఆ నీళ్ళూ చాలలేదు. 1935లో దిగువన లేడీబవర్ మట్టికట్ట మొదలైంది. ఈసారి నీటి దారిలో రెండు ఊళ్ళున్నాయి. యాషాప్టన్ మందిరంలో చివరి ప్రార్థన 1939 సెప్టెంబరులో జరిగింది, యుద్ధం మొదలైన నెలలోనే. డెర్వెంట్ చర్చిలో 1943 మార్చి 17న. పైనున్న డెర్వెంట్ ఆనకట్ట మీదుగా బ్రిటిష్ బాంబర్లు జర్మనీ ఆనకట్టలు కొట్టడానికి సాధన చేసింది కూడా ఆ రోజుల్లోనే. టూరిస్టులకు ఆ కథే ఎక్కువ చెబుతారు. నాకు ఊళ్ళ కథే పెద్దది.

"బొందలగడ్డ ఏం జేసిన్రు?" అన్నాడు పెద్దనాయన. చర్చి పక్కన పాతినవాళ్ళ అస్థికలను తవ్వి తీసి, కింద బామ్‌ఫర్డ్ చర్చి స్థలంలో మళ్ళీ పూడ్చారు. బతికున్నవాళ్ళకు కట్ట దిగువన, యార్క్‌షైర్ బ్రిడ్జ్ దగ్గర, బోర్డు ఇళ్ళు కట్టించింది. మూటలు మోసే గుర్రాల కోసం డెర్వెంట్‌లో కట్టిన ఇరుకు వంతెనను రాయి రాయికీ నంబరు వేసి విప్పారు. 1959లో హౌడెన్ పైన, స్లిపరీ స్టోన్స్ దగ్గర తిరిగి నిలబెట్టారు. "మన కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని అలంపురం తెచ్చినట్టే" అన్నాడాయన. అవును, అచ్చం అలాగే. రాళ్ళను అతికించినట్టు ఇరుగుపొరుగును అతికించే పద్ధతి రెండు దేశాల ఇంజనీర్లకూ తెలియదు.

గోపురాన్ని ముందు గుర్తుగా ఉంచేశారు. నీళ్ళ మధ్య అది ఒంటరిగా నిలబడితే జనం దాని దాకా ఈదుకుంటూ పోతారని భయపడి తీసేశారు. గుర్తుగా ఒక్కటి మిగిల్చి, అదీ కూల్చడం నాకిప్పటికీ మింగుడుపడదు. 1945 సెప్టెంబరులో ఆరో జార్జి రాజు వచ్చి ఈ జలాశయాన్ని ప్రారంభించినప్పుడు ఆ గోపురం నిలిచే ఉంది.

1976, 1995, 2018, 2022 లాంటి కరువుల్లో డెర్వెంట్ రాళ్ళు బయటపడ్డాయి. హాల్ పునాదులు, గోడల మొదళ్ళు కనిపిస్తాయి. అలా తేలినప్పుడు చూడబోతే గట్టు మీద నుంచే చూడండి. 2018లో ఒకాయన నడుము దాకా బురదలో దిగబడితే పర్వత రక్షక దళం వచ్చి లాగాల్సి వచ్చింది. గుర్తుకని రాయి ఒక్కటీ తెచ్చుకోకండి. అది ఎవరో ఒకరి ఇంటి రాయి.